కీ ఇచ్చావా?

మా తాతయ్య దుకాణంలో గడియారాలు ఏ రెండూ ఒక మాట మీద ఉండేవి కావు. ఒకటి పదకొండు అంటే పక్కది మూడున్నర అనేది. బాగుచెయ్యడానికి వచ్చినవే కదా, బుద్ధిగా నడిచేవైతే ఎవరిళ్ళలో అవి ఉండేవి. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళూ చుట్టూ చూసి, "ఇంతకీ టైమెంతండీ?" అని నవ్వేవాళ్ళు. ఆ జోకు తామే కనిపెట్టామని వాళ్ళ నమ్మకం. తాతయ్య ప్రతిసారీ అప్పుడే మొదటిసారి విన్నట్టు నవ్వేవాడు. నాకు ఒళ్ళు మండేది.

ఇప్పుడు ఆ చోట సెల్‌ఫోన్లకు అద్దాలు అతికించే షాపు ఉంది. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా నా చెవులు టిక్కుటిక్కుల కోసం వెతుక్కుంటాయి. నూనె వాసన, ఇత్తడి వాసన, తాతయ్య కంటికి పెట్టుకునే భూతద్దం, తెర వెనక మా వంటగది, ఆ తెరకు ఒక మూల నేను చీమిడి తుడిచిన మరక. అన్నీ పోయాయి. పెద్దన్న ఒక్కడు మిగిలాడు, మా ఇంట్లో గోడ మీద.

పెద్దన్న అంటే గోడగడియారం. ఆ దుకాణం మొత్తంలో నిజం చెప్పేది అదొక్కటే. గుమ్మానికి ఎదురుగా ఉండేది, అమ్మకానికి కాదు. తాతయ్య పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బల్ల ఎక్కి దానికి కీ ఇచ్చేవాడు. ఆ కర్రుకర్రు వినబడగానే నేను మాత్ర మింగాలి. "చిన్నముల్లూ, కీ ఇచ్చావా?" అని బల్ల మీంచే కేకేసేవాడు. "ఇచ్చా" అని నేను లోపల్నించి అరిచేదాన్ని. పెద్దన్నకు రోజుకు ఒక్కసారి కీ ఇస్తే చాలునని నాకు పెద్దయ్యాక తెలిసింది. రెండోసారి ఎక్కింది నా కోసం.

చిన్నముల్లు నేను. పెద్దముల్లు మా పిన్ని, అంటే మా అమ్మ చెల్లెలు. ఇల్లంతా గిరగిరా తిరుగుతుంది కాబట్టి ఆవిడ పెద్దముల్లు, ఒక పని చెబితే గంటకు గానీ కదలను కాబట్టి నేను చిన్నముల్లు. "ఇద్దరూ గుచ్చుకునేవాళ్ళే, మధ్యలో నా బతుకు" అనేవాడు తాతయ్య. అమ్మానాన్నలు నాకు ఊహ తెలియకముందే పోయారు. పిన్ని బస్టాండులో టికెట్ల కిటికీ వెనక కూర్చునేది. అక్కడి గోలలో అరిచి అరిచి ఇంట్లో కూడా గుసగుసలాడటం మర్చిపోయింది. దాని వల్లే నాకు చాలా సంగతులు తెలిసేవి.

మాత్ర ఎందుకో మాత్రం తెలియదు. "అందరి లోపలా ఒక గడియారం ఉంటుంది. నీది కాస్త నాజూకు. కీ ఇస్తూ ఉండాలి, అంతే" అని తాతయ్య చెప్పాడు. గడియారాల మధ్య పుట్టి పెరిగిన పిల్లకు అందులో వింతేముంది? పెద్దాసుపత్రిలో డాక్టరు నా ఛాతీ మీద గొట్టం పెట్టి వింటుంటే, టిక్కుటిక్కు సరిగ్గా వస్తోందో లేదో చూస్తున్నాడనుకునేదాన్ని.

నాకప్పుడు పదేళ్ళు. మా క్లాసు పిల్లలందరినీ కొండ మీద విడిదికి తీసుకెళ్తామన్నారు, రెండు రాత్రులు అక్కడే. చెరువులో పడవలు, ఆరుబయట మంట, పెద్ద గదిలో అందరికీ వరసగా పరుపులు. ఆ వరసలో నా పరుపు పక్క పరుపు ఎవరిదో అడగక్కర్లేదు. ఉడతది.

ఉడత నా నేస్తం. పెన్సిళ్ళు కొరికేది. తనవి అయిపోతే నావి కొరికేది, నావి అయిపోతే ముందు బెంచీ వాళ్ళవి. మేం ఒకటో తరగతి నుంచీ ఒకే బెంచీ. వాళ్ళమ్మ మా వీధి చివర ఇస్త్రీ దుకాణం నడిపేది. ఉడత పక్కన కూర్చుంటే వేడి బట్టల వాసన వచ్చేది. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా నాకు ఎక్కాలు గుర్తొస్తాయి.

విడిది మాట వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో ఒకటే గొడవ. పెద్దముల్లుకూ తాతయ్యకూ మధ్య.

"టీచరుకి ఒక్క మాట చెప్పాలి నాన్నా. రెండు రోజులు మాత్రలెవరు వేస్తారు? జ్వరమొస్తే, దెబ్బ తగిలితే ఆవిడకి తెలియొద్దూ?"

"మాత్ర అదే వేసుకుంటుంది. దెబ్బ తగిలితే అందరు పిల్లలకీ ఎలా కట్టు కడతారో అలాగే కడతారు. ఎవరి రక్తమైనా చేతికి తొడుగు వేసుకునే ముట్టుకోవాలని డాక్టరే చెప్పాడుగా. ఇక ఈ పిల్ల, ఆ పిల్ల అని తేడా ఏముంది?"

"ఏమీ లేకపోతే దాచడం ఎందుకు?"

"ఏమీ లేదని వాళ్ళకి తెలియదు కాబట్టి. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం."

ఎవరి మాట సరైనదో నాకు ఇప్పటికీ తెలియదు. పిన్నికి ఒంటరిగా మొయ్యడం కష్టంగా ఉండేది, ఇంకో మనిషి చెయ్యి వేస్తే బాగుండునని ఆశ. తాతయ్యకు భయం. తెర వెనక కూర్చుని ఇదంతా వింటున్న నాకు మటుకు ఒకటే దిగులు: వీళ్ళు ఇలా కొట్టుకుని కొట్టుకుని నన్ను పంపకుండా మానేస్తారేమో.

అప్పుడే క్లాసులో టీచరు మీ ఇంట్లో మీకు ఇష్టమైన వస్తువు గురించి చెప్పండి అంది. నేను పెద్దన్న గురించి చెప్పాను. మా తాతయ్య దానికి కీ ఇస్తాడు, నాకూ కీ ఇస్తాడు, కొండ మీదికి వచ్చినా నేను కీ మర్చిపోకూడదు అని చెప్పాను. పిల్లలు నవ్వారు. టీచరు నవ్వలేదు, అమ్మానాన్నలు లేని పిల్లను తాత ఇలా గారాబం చేస్తున్నాడనుకుని ముచ్చటపడింది.

మంచి మనిషే ఆవిడ. అది ముందే చెప్పుకోవాలి. తర్వాత జరిగింది విని చాలామంది ఆవిడ్ని తిట్టారు, నేనూ తిట్టాను. కానీ చెడ్డవాళ్ళు చేస్తే ఇది ఇంత చిక్కుగా ఉండేది కాదు.

ఆ సాయంత్రం ఆవిడ ఆగిపోయిన చేతిగడియారం పట్టుకుని మా దుకాణానికి వచ్చింది. పిన్ని ఇంకా డ్యూటీలో ఉంది. నేను తెర వెనక లెక్కలు చేసుకుంటున్నాను. తాతయ్య కంటికి భూతద్దం పెట్టి ఆ గడియారం వెనక మూత విప్పుతున్నాడు.

"మీ మనవరాలు ఆ కీ సంగతంతా చెప్పింది తాతగారూ" అంది టీచరు.

తాతయ్య చెయ్యి ఆగింది. "ఎవరికి చెప్పింది?"

"క్లాసులో, అందరి ముందూ. ఏమీ దాచుకోలేదు. నాకైతే కళ్ళలో నీళ్ళు తిరిగాయనుకోండి. మీరేం బెంగపెట్టుకోకండి, అక్కడ నేను దగ్గరుండి చూసుకుంటాను."

భూతద్దం బల్ల మీద పెట్టిన చప్పుడు వినబడింది. తాతయ్య ఏమనుకున్నాడో ఆ తర్వాత చాలాసార్లు చెప్పాడు. పెద్దముల్లు తనకు తెలియకుండా వెళ్ళి టీచరుకు చెప్పేసింది, పిల్లకీ చెప్పేసింది, పిల్ల ఊరందరికీ చెప్పేసింది అనుకున్నాడట. మా ఇంట్లో కీ అంటే ఒకటే అర్థం. బయటివాళ్ళకు కీ అంటే ఉత్త కీయేనని ఆయనకు ఆ క్షణంలో తట్టలేదు. జీవితమంతా గడియారాలతో గడిపిన మనిషికి గడియారం సంగతే గుర్తు రాలేదు.

"అంతా తెలిసి కూడా మీరు ఇలా మాట్లాడుతున్నారంటే..." తాతయ్య లేచి నిలబడ్డాడు. "మీ కడుపు చల్లగుండ. దాని తప్పేం లేదమ్మా. తల్లి కడుపులో ఉండగానే వచ్చింది. మందు మానకపోతే హెచ్.ఐ.వి. దాన్నేం చెయ్యదనీ, పక్కన కూర్చున్నవాళ్ళకి అంటదనీ డాక్టరు చెప్పాడు."

"ఏంటండీ?" అంది టీచరు.

నేను తెర సందులోంచి చూశాను. తాతయ్య మొహం పాలిపోయి ఉంది. నాకు ఏమీ అర్థం కాలేదు. మా దుకాణంలో గడియారాల మొహాల మీద రకరకాల ఇంగ్లీషు అక్షరాలుండేవి. హెచ్.ఐ.వి. కూడా ఏదో గడియారాల కంపెనీ అనుకున్నాను. నా లోపలున్నది ఆ కంపెనీదన్నమాట అనుకుని, లెక్కల పుస్తకం అంచు మీద ఆ అక్షరాలు అందంగా రాసుకుని, చుట్టూ గుండ్రంగా గీసి, అంకెలు కూడా వేశాను. తర్వాత పిన్ని అది చూసి, ఆ కాగితం చింపి పొయ్యిలో పడేసి, ఎందుకో నన్ను గట్టిగా పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"ఎవరికీ చెప్పకండమ్మా" అని తాతయ్య బతిమాలాడు. "అయ్యో, నేనెందుకు చెబుతానండీ" అని టీచరు వెళ్ళిపోయింది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మనసులో అబద్ధం లేదు.

పిన్ని ఇంటికొచ్చి విని, ముందు నవ్వింది. కోపం మరీ ఎక్కువైతే ఆవిడకు నవ్వొస్తుంది. "నన్ను చెప్పనివ్వలేదు కదా నాన్నా. కంచే చేను మేసిందంటే ఇదే" అంది. తాతయ్య ఆ రోజు అన్నం తినలేదు.

తర్వాతిది ఊహించుకోవడం కష్టం కాదు. విడిదికి పిల్లలతోపాటు ఇద్దరు తల్లులు సాయం వస్తున్నారు. రేపు ఏదైనా జరిగితే వాళ్ళు తననే అడుగుతారు కదా అని టీచరు ఆ ఇద్దరికి మాత్రం చెప్పింది, ఎవరికీ చెప్పొద్దని చెప్పి మరీ చెప్పింది. వాళ్ళూ అలాగే ఎవరికీ చెప్పొద్దని చెప్పి మరీ చెప్పారు. ప్రతివాళ్ళూ పిల్లల మంచికోసమే చెప్పారు. ఏ పిల్లల మంచి అంటే, నేను తప్ప మిగతావాళ్ళది.

ఒకరోజు ఉడత మా బెంచీలో లేదు. కిటికీ దగ్గర, వేరే పిల్ల పక్కన కూర్చుని ఉంది. పిలిస్తే తల తిప్పలేదు. ఆ రోజు నా పెన్సిలు చెక్కినది చెక్కినట్టే ఇంటికొచ్చింది. దాని చివర ఒక్క పంటి గాటైనా లేదు. దాన్ని చూస్తే నాకు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం ఉడత వాళ్ళమ్మ వచ్చింది. వాళ్ళ అలారం గడియారం బాగుచెయ్యడానికి మా దగ్గర ఉంది.

"బాబాయ్‌గారూ, మా గడియారం ఇచ్చెయ్యండి."

"స్ప్రింగు ఇంకా మార్చలేదమ్మా, రేపు..."

"ఉన్నది ఉన్నట్టు ఇచ్చెయ్యండి." ఆవిడ లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడింది. "ముందే చెప్పాల్సింది బాబాయ్‌గారూ. ఇన్నేళ్ళు మా పిల్ల దాని పెన్సిళ్ళు కొరికింది. ఒక్కగానొక్క పిల్ల నాకు."

"నాకూ ఒక్కగానొక్కటే అమ్మా" అన్నాడు తాతయ్య.

ఆవిడ ఏదో అనబోయి, మూల నిలబడ్డ నన్ను చూసి ఆగిపోయింది. నేను ఆవిడ ఇస్త్రీ చేసిన బట్టల మూటల మీద దొర్లి పెరిగినదాన్ని. గడియారం తీసుకుని గబగబా వెళ్ళిపోయింది.

"నాకేమైంది తాతయ్యా?" అని అడిగాను.

పిన్ని తెర పక్కకు లాగి వచ్చింది. "ఊరంతటికీ తెలిసింది, దానికి తప్ప. ఇంకా ఎప్పుడు చెబుతాం నాన్నా?"

అప్పుడు చెప్పారు. తాతయ్య మొదలుపెట్టాడు, మధ్యలో పిన్ని అందుకుంది. ఆ జబ్బు పేరు, అది అమ్మ నుంచి ఎలా వచ్చిందో, నాన్నా అమ్మా ఎందుకు పోయారో, అప్పట్లో వాళ్ళకు మందు సమయానికి అందలేదనీ, నాకు అందిందనీ. మాత్ర మానకపోతే నేను పెద్దదాన్నయి, ముసలిదాన్నయి, తాతయ్యలా విసిగించేదాన్ని కూడా అవుతానని పిన్ని చెప్పింది. ఏడుస్తూనే చెప్పింది.

నాకు భయం వేయలేదు. నిజం చెబుతున్నాను, చావు గురించి ఆలోచనే రాలేదు. కోపమొచ్చింది. ఆ కోపం ఇప్పటికీ గుర్తుంది, ఒళ్ళంతా వేడిగా.

"అది ఎవరిది?" అని అరిచాను. "నాదేగా? టీచరుకి చెప్పారు, ఉడత వాళ్ళమ్మకి తెలిసింది, అందరికీ తెలిసింది, నాకు ఆఖర్న చెబుతారా?"

తాతయ్య తల వంచుకున్నాడు. "నీదే. నేను దాస్తున్నాననుకున్నా, నీ దగ్గరే దాచాను. నోరు జారి నేను చెప్పినా, మంచికని మీ టీచరు చెప్పినా, మేమిద్దరం ఇచ్చేసింది మా సొమ్ము కాదు. ఇక మీదట ఎవరికి చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో నీ ఇష్టం. నిన్ను అడక్కుండా ఈ ఇంట్లో ఎవరూ నోరు విప్పరు."

"ఇప్పుడేం మిగిలింది చెప్పడానికి?" అన్నాను.

ఆ పిల్ల వస్తే మా పిల్లల్ని పంపబోమని కొందరు తల్లులు బడికి వెళ్ళి చెప్పారు. టీచరు మా దుకాణానికి వచ్చి, చెప్పలేక చెప్పలేక ఆ మాట చెప్పింది. "నలుగురికి తెలిస్తే నలుగురూ చూసుకుంటారనుకున్నాను తాతగారూ" అంది. తాతయ్య కోప్పడలేదు. బాగుచేసిన చేతిగడియారం ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ అది పెట్టుకోవడం కూడా మర్చిపోయి, గుప్పిట్లో పట్టుకుని వెళ్ళిపోయింది. ఆకు వచ్చి ముల్లు మీద పడ్డా, ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా ఆకుకే చిరుగు అంటారు. పేరుకు ముల్లునే గానీ, ఆ రోజు చిరిగింది నేనే.

విడిదికి బస్సు బయల్దేరే రోజు పొద్దున్నే లేచాను. మా వీధి మలుపులోంచే వెళ్తుంది బస్సు. పిల్లల కేకలు వినబడ్డాయి, హారన్ వినబడింది, తర్వాత ఏమీ లేదు. తాతయ్య కీ పట్టుకుని పెద్దన్న దగ్గరికి వెళ్తున్నాడు.

"నేను ఇవాళ కీ ఇవ్వను" అన్నాను. "ఎప్పటికీ ఇవ్వను. దానివల్లే ఇదంతా."

పిన్ని గ్లాసుతో నీళ్ళు పట్టుకుని బతిమాలింది, తిట్టింది, మళ్ళీ బతిమాలింది. డ్యూటీకి ఆలస్యమవుతున్నా కదల్లేదు. తాతయ్య మాత్రం పెద్దన్నకు కీ ఇవ్వకుండా దాని కిందే బల్ల మీద కూర్చున్నాడు. నేను లెక్కల పుస్తకం, పెన్సిలు తీసుకుని దుకాణం ముందు మెట్టు మీద కూర్చున్నాను. లెక్కలు చెయ్యడానికి కాదు, ఇంట్లో ఎవరి మొహం చూడాలని లేక.

కాసేపటికి వేడి బట్టల వాసన వచ్చింది. తల ఎత్తితే ఉడత. సంచీ ఏమీ లేదు, బడి బట్టలు కూడా కాదు.

"నువ్వు బస్సెక్కలేదా?"

"లేదు."

"ఎందుకు?"

"నా పక్క పరుపు ఆ కిటికీ దగ్గర కూర్చునే పిల్లకిచ్చారు. నిద్రలో కాళ్ళు తంతుందట."

నేను నవ్వలేదు. "మీ అమ్మకి తెలుసా ఇక్కడికొచ్చావని?"

"చెప్పే వచ్చా. తిట్టింది. నేను మెట్టు మీద కూర్చుని ఏడ్చా. మళ్ళీ తిట్టింది. తర్వాత పో, ఫో అంది." ఉడత నా పక్కన, మునుపు బెంచీలో కూర్చున్నంత దగ్గరగా కూర్చుంది. "బెంచీ అమ్మ మార్పించింది. నీతో మాట్లాడితే ఒట్టు అంది. ఒట్టు మూడు రోజులే ఉంటుందని నేనే అనేసుకున్నా."

లోపల్నించి గడియారాలు తలో పాటా పాడుతున్నాయి.

"నా గురించి నీకు తెలిసిపోయిందిగా" అన్నాను నేను, అటు తిరిగి.

"నాకేం తెలీదు."

"అబద్ధం. మీ అమ్మకి తెలుసు. క్లాసులో అందరికీ తెలుసు."

"వాళ్ళకి తెలిస్తే తెలుస్తుందేమో. నాకు నువ్వు చెప్పలేదుగా."

ఇది పదేళ్ళ పిల్ల అన్న మాట. ఆ తర్వాత నేను చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, పెళ్ళి చేసుకోబోయే ముందు ఒకాయన్ని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాను, చెప్పకుండా వదిలేసినవాళ్ళు ఎందరో ఉన్నారు. ప్రతిసారీ ఇది నాది, నేనిస్తేనే ఎవరికైనా అందుతుంది అన్న ధైర్యం నాకు ఆ మెట్టు మీదే వచ్చింది.

చెప్పాను. తాతయ్య చెప్పినంత, పిన్ని చెప్పినంత, గడియారాల కంపెనీ అనుకున్నదానితో సహా. ఉడత నా చేతిలోంచి పెన్సిలు తీసుకుంది. అమ్మ మాట గుర్తొచ్చిందేమో, ఒకసారి దానివంక చూసింది. తర్వాత నోట్లో పెట్టుకుని కొరకడం మొదలుపెట్టింది. నేను చెప్పడం అయిపోయేసరికి దాని చివర పూర్తిగా చితికిపోయింది.

"అంతేనా?" అంది.

"అంతే."

"మరి ఇవాళ కీ ఇచ్చావా?"

ఇవ్వలేదు. లేచి లోపలికి పరిగెత్తాను. పిన్ని గ్లాసు పట్టుకుని ఇంకా అక్కడే ఉంది. తాతయ్య అప్పటికే బల్ల ఎక్కి, చేతిలో కీతో, నేను మింగడం కోసం ఆగి నిలబడి ఉన్నాడు.